క్యాంప్‌గ్రౌండ్ వైఫై ట్రైలర్‌లోకి రావట్లేదా? ఇంకేదైనా కొనేముందు ఫోన్ పట్టుకుని ఆఫీసు దాకా నడవండి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. 27 అడుగుల సెకండ్‌హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. మీరూ మీ ఆవిడా ఇద్దరూ రిమోట్‌గా పనిచేస్తారు. బయట పిక్నిక్ టేబుల్ దగ్గర ఫోన్‌లో మూడు గీతలు కనిపిస్తాయి, లోపలికొచ్చి తలుపేస్తే ఒకటి, ఒక్కోసారి అదీ ఉండదు. గోడ సాకెట్‌కి పెట్టే వైఫై ఎక్స్‌టెండర్ తెచ్చి పెడితే గీతలు నిండుగా వచ్చాయి గానీ పేజీ మాత్రం తెరుచుకోలేదు. ఇప్పుడు సెల్ బూస్టర్ కొనాలా, రూఫ్ మీద యాంటెనా పెట్టించాలా, అందరూ చెబుతున్నట్టు స్టార్‌లింక్ (ఉపగ్రహాల నుంచి వచ్చే ఇంటర్నెట్) తీసుకోవాలా అని అడుగుతున్నారు.

నేనుండేది డాలస్ దగ్గర, ఉద్యోగం నెట్‌వర్కింగే, తొమ్మిదేళ్ళుగా ట్రైలర్ లాక్కుని తిరుగుతున్నాం. నెట్‌వర్కింగ్ వాణ్ణే అయినా మొదటి రెండేళ్ళు మీరు చేసిన తప్పులన్నీ చేశాను, పైన ఇంకో నాలుగు కూడా చేశాను. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందుగా, సెల్ బూస్టర్ కార్ట్‌లో ఉంటే తీసెయ్యండి. అది వెరైజన్, ఏటీ అండ్ టీ, టీమొబైల్ లాంటి వాళ్ళ టవర్ సిగ్నల్‌ని పెంచే పెట్టె. వైఫైకీ దానికీ సంబంధం లేదు, ఫ్రీక్వెన్సీలే వేరు. షాపులో అన్నీ ఒకే అరలో పెట్టి అమ్ముతారు, డబ్బాల మీద 'సిగ్నల్' అన్న మాట ఒకేలా ఉంటుంది, అందుకే చాలామంది అది తెచ్చి మోసపోతారు.

ఇక అసలు పరీక్ష. సాయంత్రం ఎనిమిదింటికి, అంటే అందరూ భోజనాలు చేసి టీవీల ముందు కూర్చునే వేళకి, ఫోన్ పట్టుకుని క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసు దాకానో, మీ వరసలో స్తంభానికి బిగించిన తెల్లటి వైఫై పెట్టె కిందికో నడిచి వెళ్ళండి. అక్కడే నిలబడి స్పీడ్ టెస్ట్ చెయ్యండి. తర్వాత పొద్దున్నే ఆరింటికి అదే చోట ఇంకోసారి చెయ్యండి. పెట్టె కింద నిలబడితే కూడా సాయంత్రం ఒక ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు, నెట్ స్పీడు కొలత) దాటలేదంటే మీ ట్రైలర్‌కి ఏం బిగించినా ఒరిగేదేం లేదు. కుళాయిలోనే నీళ్ళు రానప్పుడు బిందె పెద్దది కొని ఏం లాభం?

లెక్క వేస్తే మీకే తెలుస్తుంది. క్యాంప్‌గ్రౌండ్‌కి 100 ఎంబీపీఎస్ లైను ఉందనుకోండి, 80 సైట్లు ఉన్నాయనుకోండి. సాయంత్రం అందులో సగం మంది సినిమా పెట్టుకున్నా ఇంటికి 2.5 ఎంబీపీఎస్. ఫుల్ హెచ్‌డీ సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 5. ఊరికి దూరంగా ఉన్న క్యాంప్‌గ్రౌండ్లలో ఆ 100 కూడా ఉండకపోవచ్చు. దానికి తోడు స్తంభాల మీది పెట్టెలు చాలాచోట్ల ఒకదాన్నించి ఇంకొకటి గాల్లోనే అందుకుంటాయి, వైరు ఉండదు. ఒకే రేడియోతో అందుకోవడమూ పంపడమూ జరిగితే ప్రతి గెంతుకీ స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది. చివరి వరసలో సైట్ దొరికిన వాళ్ళ పరిస్థితి ఊహించుకోండి.

ఇది నేను నేర్చుకున్నది టెనెసీలో, స్మోకీ మౌంటెన్స్ దగ్గర. ఏ క్యాంప్‌గ్రౌండో చెప్పను. మధ్యాహ్నమంతా నిచ్చెన ఎక్కి దిగి, స్తంభానికి యాంటెనా కట్టి, అంగుళం అంగుళం తిప్పి గురి చూసి, సిగ్నల్ మైనస్ 58కి తెచ్చాను (ఈ అంకె సున్నాకి దగ్గరైన కొద్దీ మంచిది, వివరం కింద చెప్తాను). అద్భుతం అనుకుని స్పీడ్ టెస్ట్ నొక్కితే 0.8 ఎంబీపీఎస్. ఒళ్ళు మండి ఆఫీసుకి నడిచివెళ్ళి వాళ్ళ పెట్టె కింద నిలబడి నొక్కితే 0.9. ఐదు నిమిషాల నడక ముందే నడిచి ఉంటే ఆ మధ్యాహ్నం పిల్లలతో ఏట్లో గడిపేవాణ్ణి.

పెట్టె కింద 20, 30 వచ్చి మీ సైట్ దగ్గర ఒకటో రెండో వస్తున్నాయనుకోండి, అప్పుడు సమస్య సిగ్నల్‌దే, బాగు చెయ్యొచ్చు. మీరు రాసినదాన్ని బట్టి, టేబుల్ దగ్గర పర్వాలేదు లోపలికొస్తే పోతోంది అంటున్నారు కాబట్టి, మీది ఇదే అయ్యుండే అవకాశం ఎక్కువ. అయినా నడక మాత్రం మానకండి.

గోడలు ఎందుకు అంత మింగుతాయో చెప్తాను. మీది పాత ట్రైలర్ అంటున్నారు, పక్కలకి గీతలు గీతలుగా అల్యూమినియం రేకు ఉందా? ఉంటే మీరు ఒక రేకు డబ్బాలో కూర్చున్నట్టే. నున్నటి ఫైబర్‌గ్లాస్ గోడ అయితే నయం, అయినా లోపల అల్యూమినియం ఫ్రేమూ, కొన్నిట్లో రూఫ్‌లోనూ కింద పొట్టలోనూ వెండిరంగు ఫాయిల్ ఇన్సులేషనూ ఉంటాయి. సిగ్నల్ ఎక్కువగా లోపలికొచ్చేది కిటికీల్లోంచే. ఆ కిటికీకి దోమల మెష్ అల్యూమినియంది ఉంటే అదీ అడ్డమే. వైఫై నడిచేది 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో; 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు పన్నెండున్నర సెంటీమీటర్లు, మెష్ కన్నాలేమో మిల్లీమీటరో రెండో, కాబట్టి మనకి అవతలి చెట్టు కనపడుతుంది గానీ తరంగానికి అది రేకే. మైక్రోవేవ్ తలుపులో ఉన్న చిల్లుల జల్లెడ చూడండి, లోపల గిన్నె తిరగడం కనపడుతుంది, వేడి చేసే తరంగాలు మాత్రం బయటికి రావు. అదే సూత్రం, దాదాపు అదే ఫ్రీక్వెన్సీ కూడా.

మైక్రోవేవ్ గురించి ఇంకో మాట. లోపల వెయ్యి వాట్లు తిరుగుతుంటే అందులో లేశమంత బయటికి కారినా అది మనిషికి ప్రమాదం కాదు గానీ, బలహీనమైన వైఫైకి మాత్రం పిడుగులాంటిదే. మా ఇంట్లో మధ్యాహ్నం పన్నెండున్నరకి నా కాల్ క్రమం తప్పకుండా తెగిపోయేది. వారం రోజులు క్యాంప్‌గ్రౌండ్ వాళ్ళని తిట్టుకున్నాను. తీరా చూస్తే మా ఆవిడ పప్పు వేడి చేసే టైం అది.

పైసా ఖర్చు లేని పనులు ముందు చెయ్యండి. ఎండకి అడ్డంగా కిటికీల్లో వెండి రంగు బుడగల షీట్లు పెట్టారా? పెట్టి ఉంటే ఆఫీసు వైపు కిటికీది తీసెయ్యండి. మాకు ఆ ఒక్క షీటు తీస్తేనే ల్యాప్‌టాప్‌లో మైనస్ 81 ఉన్నది మైనస్ 70కి వచ్చింది. వాతావరణం బాగుంటే అద్దం, మెష్ రెండూ జరిపేసి చూడండి. ల్యాప్‌టాప్‌ని బెడ్‌రూంలోంచి ఆ కిటికీ దగ్గరికి మార్చండి. బుకింగ్ చేసేటప్పుడే ఫోన్ చేసి 'వైఫై బాగా వచ్చే సైట్ ఇవ్వండి, పనిచేసుకోవాలి' అని అడగండి. కౌంటర్‌లో ఉండేవాళ్ళకి ఏ సైట్‌లో వస్తుందో ఏ సైట్‌లో రాదో బాగా తెలుసు, రోజూ ఫిర్యాదులు వినేది వాళ్ళేగా. అడిగితే చెప్తారు, అడక్కపోతే చెరువు గట్టున అందమైన సైట్ ఇస్తారు, అక్కడ బాతులు తప్ప ఏమీ ఉండవు.

ఇది మన ఇళ్ళకే ప్రత్యేకం, ఇంకెక్కడా రాయరు: మేము రూటర్‌ని వంటగట్టు పైన అల్మారాలో పెట్టాం, వైర్లు కనపడకుండా నీట్‌గా ఉంటుందని. దాని చుట్టూ ఏమున్నాయి? కందిపప్పు స్టీలు డబ్బా, మినప్పప్పు స్టీలు డబ్బా, బియ్యం డబ్బా, రెండు కుక్కర్లు, పోపులపెట్టె. బయట అల్యూమినియం గోడ చాలదన్నట్టు లోపల ఇంకో కోట కట్టాం. రూటర్‌ని అక్కణ్ణించి తీసి డైనింగ్ బల్ల మీద పెట్టాక తేడా తెలిసింది.

గీతలు నమ్మకండి. ఫోన్ కంపెనీ కంపెనీకీ గీత లెక్క మారుతుంది. మీకు కావలసింది డీబీఎం అంకె, అంటే సిగ్నల్ బలం కొలత. ఆండ్రాయిడ్‌లో ఏదో ఒక వైఫై ఎనలైజర్ యాప్ వేసుకోండి. మ్యాక్‌లో ఆప్షన్ కీ నొక్కిపట్టి వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే ఆర్ఎస్ఎస్ఐ అని కనపడుతుంది, అదే ఆ అంకె. ఐఫోన్‌లో ఆపిల్ వాళ్ళ ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ వేసుకుని, సెట్టింగ్స్‌లో దాని వైఫై స్కానర్ ఆన్ చెయ్యాలి. అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకి దగ్గరైన కొద్దీ మంచిది. మైనస్ 50 అంటే బ్రహ్మాండం. మా నెట్‌వర్క్ వాళ్ళు వాయిస్ కాల్స్‌కి మైనస్ 67 దగ్గర గీత గీస్తారు. మైనస్ 75 దాటితే మెయిల్ చూసుకోవడం వరకే, మైనస్ 80 దాటితే కనెక్ట్ అయినట్టు చూపిస్తుంది గానీ నడవదు. 3 డీబీ తగ్గితే పవర్ సగం, 10 తగ్గితే పదో వంతు, ఈ రెండూ గుర్తుంటే చాలు. మైనస్ 81 నుంచి 70కి రావడమంటే అందిన పవర్ పన్నెండు రెట్లు పెరిగినట్టు, అదీ ఒక అట్టముక్క తీస్తే.

ఆ అంకె కూడా సగం కథే చెప్తుంది. అది వాళ్ళ పెట్టె మాట మీకెంత గట్టిగా వినపడుతోందో చెప్తుంది, మీ ల్యాప్‌టాప్ మాట వాళ్ళకెంత వినపడుతోందో చెప్పదు. గుడి మైకు ఊరంతా వినపడుతుంది, మీరు మీ అరుగు మీద నుంచి అరిస్తే పూజారికి వినపడుతుందా? వైఫైలో ప్రతి ముక్కకీ 'అందింది' అని తిరుగు జవాబు వెళ్ళాలి, అది అందకపోతే అవతలి పెట్టె అదే ముక్కని మళ్ళీ మళ్ళీ పంపుతుంది. బయట రెండు గీతలున్నా కాల్ ముక్కలు ముక్కలుగా రావడానికి చాలాసార్లు కారణం ఇదే. అందుకే మంచి యాంటెనా రెండు వైపులా పనిచేస్తుంది, వినడానికీ పలకడానికీ.

మీ ఎక్స్‌టెండర్ ఎందుకు ఓడిపోయిందో ఇప్పుడు చెప్పడం తేలిక. దాన్ని గోడ లోపల పెట్టారు. అంటే అది కూడా మీ ల్యాప్‌టాప్ లాగే మైనస్ 80 సిగ్నలే విని, దాన్నే మీకు గట్టిగా చెప్పింది. మసక జిరాక్స్‌ని తెల్ల కాగితం మీద మళ్ళీ జిరాక్స్ తీసినట్టు, కాగితం కొత్తగానే ఉంటుంది, అక్షరాలే కనపడవు. మీ ఫోన్‌లో నిండుగా ఉన్న గీతలు ఫోన్‌కీ ఎక్స్‌టెండర్‌కీ మధ్యవి, ఆఫీసు దాకా ఉన్నవి కావు. వెనక్కిచ్చే గడువు ఉంటే ఇచ్చెయ్యండి.

మొత్తం మీద చెయ్యాల్సింది ఇదే: వినే చెవి గోడ బయట ఉండాలి, గోడ దాటేది వైరు కావాలి. గోడ ఎప్పుడూ అంతే కోస్తుంది, ఉదాహరణకి 15 డీబీ అనుకుందాం. దూరం నుంచి వచ్చి మైనస్ 68 అయిన సిగ్నల్‌లో 15 పోతే మైనస్ 83, పని అయిపోయినట్టే. అదే కిటికీ బయట మీటరు దూరంలో మీ సొంత రూటర్ ఉండి అక్కడ మైనస్ 40 ఉంటే, 15 పోయినా మైనస్ 55, హాయిగా నడుస్తుంది.

ఈ లెక్క పట్టుకుని చవకగా మొదలుపెట్టొచ్చు. 'వైఫై యాజ్ వ్యాన్' లేదా రిపీటర్ మోడ్ ఉన్న ట్రావెల్ రూటర్ ఒకటి తీసుకోండి. జీఎల్ ఐనెట్ వాళ్ళవి అరచేతిలో పడతాయి, చిన్న మోడళ్ళు వంద డాలర్ల లోపే దొరుకుతాయి, యూఎస్‌బీ కరెంటుతో నడుస్తాయి. మొదటి రోజు దాన్ని ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో పెట్టి (స్టీలు డబ్బా కాదు, నవ్వకండి, ఒకాయన పెట్టాడు) పవర్ బ్యాంక్ తగిలించి పిక్నిక్ టేబుల్ మీద పెట్టండి. అది బయట క్యాంప్‌గ్రౌండ్ వైఫై అందుకుని మీ సొంత పేరుతో ఇంకో వైఫై ఇస్తుంది. లోపల కూర్చుని స్పీడ్ చూడండి. ఇది శాశ్వత ఏర్పాటు కాదు, ఎండకి రూటర్ ఉడికిపోతుంది, వానొస్తే పరిగెత్తాలి, కానీ యాంటెనా మీద డబ్బు పెడితే లాభమో కాదో ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది.

ఇంకా గట్టిగా కావాలంటే బయట పెట్టడానికే తయారైన రేడియో ఉండాలి. రూఫ్ మీద యాంటెనా పెట్టి, సన్నటి కోయాక్స్ కేబుల్‌తో లోపలి రూటర్‌కి లాగుదామని మాత్రం అనుకోకండి. ఆర్‌జీ 58 లాంటి సన్న కేబుల్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకి సుమారు ఒక డీబీ మింగుతుంది. ఆరు మీటర్లు లాగితే 6 డీబీ, అంటే యాంటెనా సంపాదించినదాంట్లో ముప్పావు వంతు దారిలోనే ఖర్చు. ఎల్ఎంఆర్ 400 అయితే మీటరుకి పావు డీబీ కూడా పోదు, కానీ అది వేలు మందాన ఉంటుంది, వంగదు. అందుకే రేడియో, యాంటెనా ఒకే డబ్బాలో ఉండి, దానికి ఈథర్‌నెట్ కేబులే కరెంటునీ డేటానీ రెండిటినీ మోసే రకం తీసుకోండి. ఈథర్‌నెట్‌కి వంద మీటర్ల దాకా ఈ బాధ లేదు. నేను చాలాకాలం వాడింది యూబిక్విటీ నానోస్టేషన్ లోకో ఎం2, అరచేయంత తెల్ల డబ్బా, 24 వోల్టుల ఇంజెక్టర్ (ఈథర్‌నెట్ కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే అడాప్టర్) దాంతోనే వస్తుంది. పాత మోడలే, 2.4 మాత్రమే అందుకుంటుంది, సెట్టింగ్స్ పేజీ చూస్తే కాస్త భయమేస్తుంది. అది వద్దనుకుంటే అల్ఫా వాళ్ళ క్యాంప్ ప్రో లాంటి కిట్లు ఉన్నాయి, బయట ఒక గొట్టం, లోపల చిన్న రూటర్, మధ్యలో యూఎస్‌బీ వైరు.

అన్ని వైపులా వినే ఓమ్నీ మంచిదా, ఒక వైపే వినే డైరెక్షనల్ మంచిదా అని తర్వాత అడుగుతారు, ఇప్పుడే చెప్తున్నాను: మూడు రోజులకంటే ఎక్కువ ఒకేచోట ఉండేవాళ్ళకి డైరెక్షనల్. క్యాంప్‌గ్రౌండ్‌లో మీ సమస్య దూరం ఒక్కటే కాదు, గోల కూడా. ప్రతి ఆర్వీలో (ట్రైలరో మోటార్‌హోమో) ఒక రూటర్, హాట్‌స్పాట్, కెమెరా, టీవీ పెట్టె. 2.4లో ఒకదానికొకటి తగలని ఛానెళ్ళు ఇక్కడ మూడే, 1, 6, 11. ఓమ్నీ ఆ గోలంతా సమానంగా వింటుంది. డైరెక్షనల్ ఆఫీసు వైపు చెవి పెట్టి వెనక వాళ్ళకి వీపు చూపిస్తుంది. పైగా 12 డీబీఐ (యాంటెనా బలం కొలత) ఓమ్నీ అని గొప్పగా అమ్ముతారే, అది బలం ఎక్కడి నుంచో తేదు, పైకీ కిందికీ వెళ్ళేదాన్ని నొక్కి చపాతీలా చదును చేస్తుంది. ఆఫీసు గుట్ట మీద, మీరు పల్లంలో ఉంటే ఆ చపాతీ వాళ్ళ కిందనుంచి వెళ్ళిపోతుంది. 5000 మిల్లీవాట్లు అని రాసి అమ్మే వాటి జోలికి అసలు పోవద్దు. 2.4లో ఎఫ్‌సీసీ (అమెరికాలో రేడియోల రూల్స్ పెట్టే సంస్థ) ఒప్పుకునేది ట్రాన్స్‌మిటర్‌కి ఒక వాటు వరకే, అలాంటి ఓమ్నీ యాంటెనాతో కలిపి లెక్కేస్తే 36 డీబీఎం, అంటే నాలుగు వాట్లు. అంతకుమించి అరిచినా అవతలివాళ్ళ గొంతు పెరగదు కదా.

ఎత్తు ముఖ్యం. పక్కన పెద్ద ఫిఫ్త్ వీల్ (పికప్ ట్రక్కు తొట్టిలో తగిలించి లాగే ఎత్తైన ట్రైలర్) ఆగిందంటే అది పదమూడు అడుగుల ఎత్తు రేకు గోడ, మీ కిటికీ దగ్గర ఉన్న రేడియోకి ఇక ఆఫీసు కనపడదు. వెనక నిచ్చెనకో బంపర్‌కో జెండా కర్ర క్లిప్పులు దొరుకుతాయి, వాటికి సాగే ఫైబర్‌గ్లాస్ కర్ర పెట్టి పద్నాలుగు, పదిహేను అడుగుల ఎత్తులో కట్టండి. కర్ర ఎత్తేముందు తల పైకెత్తి కరెంటు తీగలున్నాయేమో చూడండి, ఇది మాత్రం పరాచికం కాదు. ఉరుములొస్తే దించెయ్యండి. వైరు లోపలికి తేవడానికి రూఫ్‌కి కన్నం పెట్టొద్దు, కనీసం మొదటి ఏడాది వద్దు. రబ్బరు రూఫ్‌కి కన్నం పెడితే దాని సీలెంట్‌ని ఏటా చూసుకోవాలి, నీళ్ళు దిగితే లోపలి చెక్క కుళ్ళిపోతుంది, ఆ ఖర్చు ముందు వైఫై ఎంత. రిబ్బన్‌లా ఉండే ఫ్లాట్ ఈథర్‌నెట్ కేబుల్ స్లయిడ్ (ట్రైలర్‌లో బయటికి జరిగే భాగం) రబ్బరు సీల్ కిందనుంచో కిటికీ సందులోంచో వచ్చేస్తుంది.

బ్యాండ్ విషయం త్వరగా చెప్పేస్తాను. చెట్ల మధ్యలోంచి రావడానికి 2.4 మేలు, వాన పడి ఆకులు తడిసిన రోజు 5 గిగాహెర్ట్జ్ ఇంకా నీరసపడిపోతుంది. కానీ బయటి రేడియోకి ఆఫీసు పెట్టె నేరుగా కనపడుతుంటే 5 పట్టుకోండి, గోల తక్కువ. ట్రైలర్ లోపల మీ సొంత వైఫైకి మాత్రం ఎప్పుడూ 5 పెట్టండి, పప్పు వేడి చేసినా కాల్ తెగదు. ఇంతసేపూ తిట్టిన గోడ ఇక్కడ పనికొస్తుంది, పక్కింటి గోలని బయటే ఆపుతుంది.

ఇంకో ట్రిక్. అదే పేరుతో నాలుగైదు స్తంభాల పెట్టెలు ఉంటాయి, మీ పరికరం దగ్గరిది వదిలేసి మొదట దొరికిన దూరపుదాన్నే పట్టుకు వేలాడుతుంది. రూటర్ స్కాన్ లిస్టులో ప్రతి పెట్టెకీ వేరే అడ్రస్, వేరే డీబీఎం కనపడతాయి. బాగున్నదాన్ని ఎంచుకుని దానికే లాక్ చేసే ఆప్షన్ ఉంటే లాక్ చెయ్యండి.

ఇప్పుడు అందరూ జుట్టు పీక్కునే చోటికొద్దాం, లాగిన్ పేజీ. క్యాంప్‌గ్రౌండ్ వైఫైకి కనెక్ట్ అవగానే 'సైట్ నంబరు, ఇంటి పేరు కొట్టండి' అని ఒక పేజీ వస్తుంది కదా, మధ్యలో మీ రూటర్ పెట్టాక ఆ పేజీ రాదు. రూటర్ పాడైందనుకుని వెనక్కి పంపిన వాళ్ళు నాకు తెలుసు. చెయ్యాల్సింది ఇది. ముందు రూటర్‌లో వీపీఎన్, యాడ్ బ్లాకర్, సొంత డీఎన్ఎస్ ఏవైనా ఆన్‌లో ఉంటే ఆపెయ్యండి. డీఎన్ఎస్ రీబైండింగ్ ప్రొటెక్షన్ అని ఒక టిక్ ఉంటుంది, అదీ తీసెయ్యండి. ఫోన్‌ని మీ రూటర్‌కి కలిపి, బ్రౌజర్‌లో తాళం గుర్తు లేని, అంటే హెచ్‌టీటీపీఎస్ కాని పేజీ ఏదైనా తెరవండి. నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ అని ఇందుకోసమే ఒకటి ఉంది. గూగుల్ కొడితే పని జరగదు, సురక్షితమైన పేజీని మధ్యలో ఆపి వేరే పేజీకి మళ్ళించడం వాళ్ళ వల్ల కాదు, అది మంచిదే కూడా.

అయినా పేజీ రాకపోతే ఫోన్‌తో నేరుగా క్యాంప్‌గ్రౌండ్ వైఫైలో లాగిన్ అయి, ఆ ఫోన్ మ్యాక్ అడ్రస్‌ని (వైఫైలో పరికరాన్ని గుర్తుపట్టే అంకె, ఆపిల్ మ్యాక్ కాదు) రూటర్‌లో క్లోన్ చెయ్యండి, అంటే రూటర్‌కీ అదే పెట్టండి. ఇక్కడో మెలిక ఉంది. ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ అడ్రస్ చూపిస్తాయి, ఐఫోన్‌లో దాన్ని ప్రైవేట్ వైఫై అడ్రస్ అంటారు. 'అబౌట్' పేజీలో ఉన్నది కాకుండా, ఆ వైఫై పేరు పక్కన ఐ గుర్తు నొక్కితే కనపడేదాన్ని కాపీ చెయ్యాలి. తర్వాత ఫోన్‌లో ఆ వైఫైని ఫర్గెట్ కొట్టండి, లేకపోతే ఫోనూ రూటరూ ఒకే అడ్రస్‌తో కొట్టుకుంటూ రెండూ పడిపోతాయి. చాలాచోట్ల లాగిన్ 24 గంటలకోసారి అయిపోతుంది, పొద్దున తొమ్మిదింటి స్టాండప్ మీటింగ్‌లో తెగకుండా ఎనిమిదిన్నరకే ఇంకోసారి లాగిన్ అయిపోండి. సైట్‌కి రెండు పరికరాలే అని పరిమితి ఉన్నచోట మీ రూటర్ ఒక్క పరికరంగానే లెక్క, దాని వెనక మీ ఇంటిల్లిపాదీ ఉండొచ్చు. కొన్నిచోట్ల సొంత రూటర్ వద్దని రూల్ ఉంటుంది, ఆఫీసులో అడిగి పెట్టండి.

కనెక్ట్ అయింది గానీ ఏమీ తెరుచుకోవట్లేదు అంటే అడ్రస్‌లు ఢీకొంటున్నాయేమో కూడా చూడండి. మీ రూటరూ వాళ్ళ రూటరూ రెండూ 192.168.1 తో మొదలైతే ఏ ప్యాకెట్ ఎటు పోవాలో తెలియదు. మీది 192.168.77.1 లాంటి ఎవరూ పెట్టని అంకెకి మార్చేస్తే గొడవ వదులుతుంది.

స్టార్‌లింక్ సంగతి. మంచిదే, నేనూ మినీ (వాళ్ళ చిన్న డిష్) తీసుకున్నాను, 12 వోల్టుల బ్యాటరీ మీదే నడుస్తుంది, 20 నుంచి 40 వాట్లు తాగుతుంది. యూటా, వ్యోమింగ్ లాంటి బయలు ప్రదేశాల్లో దానికి తిరుగులేదు. కానీ దానికి ఆకాశం కావాలి. స్మోకీ మౌంటెన్స్‌లో ఓక్ చెట్ల కింద పెట్టుకుంటే నిమిషానికోసారి ఆగుతుంది, అక్కడ మళ్ళీ ఈ కర్రా ఈ తెల్ల డబ్బానే దిక్కు. నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్పాలంటే, ఇద్దరి జీతాలూ నెట్ మీదే ఆధారపడి ఉంటే క్యాంప్‌గ్రౌండ్ వైఫైని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. కాల్స్‌కి సెల్ హాట్‌స్పాటో స్టార్‌లింకో ముందు పెట్టుకోండి, వైఫైని సినిమాలకీ విండోస్ అప్‌డేట్లకీ వాడుకోండి, అవి కూడా పొద్దున ఐదూ ఆరూ మధ్య డౌన్‌లోడ్ పెట్టెయ్యండి. హాట్‌స్పాటో స్టార్‌లింకో తెగినరోజు వైఫై మీద కాల్ నడపాల్సి వస్తే వీడియో ఆపేస్తే చాలు, మాటలకి వంద కేబీపీఎస్ కూడా పట్టదు. ఒకటి తెగితే ఇంకోదానికి తనంతట తానే మారే పెప్‌లింక్ రూటర్లు ఉన్నాయి, బాగుంటాయి, ఖరీదు మాత్రం గట్టిగా ఉంటుంది, ఏడాదిలో నాలుగైదు నెలలు రోడ్డు మీద ఉంటే తప్ప అవసరం లేదు.

మీరైతే ఈ వారాంతం నడక, కిటికీ షీట్లు, స్టీలు డబ్బాలు చూసుకోండి. వచ్చే నెల ట్రిప్‌కి ట్రావెల్ రూటర్ ఒకటి తెచ్చి టిఫిన్ డబ్బా పరీక్ష చెయ్యండి. దాంతో స్పీడు నిజంగా పెరిగితే అప్పుడు కర్రా, బయటి రేడియో.

అవి పెట్టాక, ట్రక్కు తాళాలు వేలాడే కొక్కేనికే ఒక ఎర్ర రిబ్బను కట్టి 'యాంటెనా' అని రాసి పెట్టండి. మేము ఒకసారి ఆర్కన్సాలో పొద్దున్నే హడావిడిగా బయల్దేరి, గేటు దాటి మూడు మైళ్ళు వెళ్ళాక వెనక కారాయన లైట్లు కొట్టి కొట్టి ఆపాడు. కర్ర అలాగే నిలబడి ఉంది, చిటారున మామిడి తోరణంలా ఏవో కొమ్మలు చిక్కుకున్నాయి, ఈథర్‌నెట్ కేబుల్ కొస రోడ్డు మీద తోకలా ఈడ్చుకొస్తోంది. డబ్బా మాత్రం లేదు. వెనక్కెళ్ళి వెతికితే గేటు పక్కన గడ్డిలో దొరికింది, మూల పగిలింది, టేపు చుట్టి ఇంకో ఏడాది వాడాం.